పరీక్ష తప్పిన విమానాలు

కథలు రాసేవాళ్ళకొక ధైర్యముంది. పంపిన కథ తిరుగుటపాలో వచ్చేస్తే, సంపాదకుడికి రసజ్ఞత లేదని సరిపెట్టుకుని, ఆ కథనే ఇంకో పత్రికకు పంపవచ్చు. విమానాలకు ఫొటోలు తీసేవాడికి ఆ వూరట కూడా లేదు. వాడి ఫొటో తిరిగొచ్చేటప్పుడు వెంట కారణం కూడా వస్తుంది. ఆ కారణం కూడా ఎలాంటిదనుకున్నారు? కొలబద్ద పెట్టి చూపించదగ్గది. "మీ విమానం కుడివైపుకి అరడిగ్రీ వాలింది" అన్న తరువాత ఇహ రసజ్ఞత ప్రసక్తి ఎక్కడిది?

విమానాలకు ఫొటోలు తీయడమేమిటి, ఎవరో వాటిని తిప్పి పంపడమేమిటి అని మీకు సందేహం రావచ్చు. మా ఆవిడకీ వచ్చింది.

"డబ్బేమైనా ఇస్తారా అండీ?" అంది.

"ఇవ్వరు" అన్నాను.

"పోనీ, పేరు వేస్తారా?"

"ఫొటో కింద చిన్న అక్షరాల్లో వేస్తారు."

"దానికోసమేనా ఆదివారం పూట తెల్లవారకుండా లేచి పోతున్నారు!" అని కాఫీ గ్లాసు నా ముందు పెట్టి వెళ్ళిపోయింది. ఆ ప్రశ్నకు నేను అప్పుడు సమాధానం చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను.

ఇంటర్నెట్టులో విమానాల ఫొటోలకని ప్రత్యేకంగా పెద్ద పెద్ద బొమ్మల కొట్లున్నాయి. 1990లలో స్వీడన్‌లో యోహాన్ లుండ్‌గ్రెన్ అనే ఆయన మొదలుపెట్టిన ఎయిర్‌లైనర్స్.నెట్ వాటిల్లో పాతకాపు. జెట్‌ఫొటోస్ అని ఇంకొకటి వుంది. ఈ రోజుల్లో పిల్లలు మేడమీద నిలబడి, పైన పోయే విమానం ఎక్కడిదో ఫోనులో చూస్తూ వుంటారు కదా! ఫ్లైట్‌రాడార్24లో ఆ పసుపుపచ్చ విమానం గుర్తుమీద వేలు పెట్టగానే ఒక ఫొటో పైకొస్తుంది. ఆ ఫొటో జెట్‌ఫొటోస్ నుంచి వచ్చిందే. ఎవరో నాబోటివాడు, ఎక్కడో గోడవార నిలబడి తీసిందే.

ఈ కొట్లలోకి ఎవరు పడితే వారు ఏది పడితే అది పెట్టడానికి వీల్లేదు. ప్రతి ఫొటోనూ ముందు పరీక్షకులు చూస్తారు. వీళ్ళు జీతగాళ్ళు కారు. విమానాల పిచ్చితో తీరిక వేళల్లో ఆ పని నెత్తిన వేసుకున్నవాళ్ళు. మీ ఫొటో వరసలో నిలబడుతుంది. రోజులు గడుస్తాయి. ఒక శుభోదయాన ఈమెయిలు వస్తుంది: తీసుకున్నామనో, లేదనో. "లేదు" అయితే కింద కారణం. మళ్ళీ ఎవరి ఫొటోలు నూటికెన్ని ప్యాసయ్యాయో లెక్క కూడా వుంటుంది. స్కూల్లో ప్రోగ్రెస్ రిపోర్టు దాచుకున్నట్టు నేను ఆ అంకె మా అబ్బాయి కంట పడకుండా చూసుకుంటాను.

ఇక కారణాల పట్టీ వినండి. మొదటిది వాలు. రన్‌వే పక్కన నిలబడి తీసిన ఫొటోలో నేల సమతలంగా వుందో లేదో కంటితో తేల్చడం కష్టం. అసలు రన్‌వేలే చాలా చోట్ల సమతలంగా వుండవు. నేల ఎత్తుపల్లాలను బట్టి కాస్త ఎగుడూ దిగుడూగా సాగుతాయి. అంచేత అనుభవజ్ఞులు నేలను నమ్మరు. ఫొటో మధ్యభాగంలో నిలువుగా వున్న దీపస్తంభమో, కట్టడం గోడో వెతికి, దాన్ని బట్టి ఫొటోను సరిచేస్తారు. నేల అబద్ధమాడవచ్చు గాని, తాపీమేస్త్రీ లంబం పట్టి కట్టిన గోడ అబద్ధమాడదు.

రెండోది మధ్యస్థం. విమానం చట్రంలో నట్టనడుమ వుండాలి. ముక్కు ముందు ఎంత జాగా వుందో తోక వెనుక అంతే వుండాలి. తోక నిక్కి వుంటుంది గనుక పైకీ కిందకీ సరితూచడం ఇంకొక తగాదా. మూడోది మెత్తదనం: అంటే అంచులు తేటగా లేకపోవడం. దానికి మందు అంచులకు పదును పెట్టడం. ఆ పదునూ ఒక పాలు ఎక్కువైతే, నాలుగో కారణం కింద తిప్పి కొడతారు. రెక్క చుట్టూ తెల్లని గీత తేలి, దేవుడి పటంలో తలచుట్టూ వున్న కాంతివలయంలా కనిపిస్తుంది. పదును పెట్టే ఈ పద్ధతికి కంప్యూటర్లో అన్‌షార్ప్ మాస్క్ అని పేరు. "పదును లేనిది" అన్న పేరేమిటని ఆశ్చర్యపోకండి. ఇది చీకటిగదుల కాలం నాటి విద్య. నెగటివుకు కావాలని ఒక మసక నకలు తీసి, రెంటినీ జతచేసి ప్రింటు వేసేవారు. మసక నకలు వల్ల అసలు బొమ్మ అంచులు తేలేవి. ఆ మసక నకలు పేరే ఇప్పటికీ నిలిచిపోయింది.

ఐదోది ధూళి. కెమెరా లోపలి పలకమీద కంటికి కనపడని దుమ్ముకణం వాలితే, ఆకాశంలో బూడిదరంగు చుక్క పడుతుంది. కటకం కన్నం చిన్నది చేసిన కొద్దీ, ఏ ఎఫ్ 11కో పోయేసరికి, ఆ చుక్క మరీ నల్లబడుతుంది. మామూలు చూపుకు ఆనదు. దీనికొక చిట్కా వుంది. కంప్యూటర్లో ఈక్వలైజ్ అన్న మీట నొక్కితే వెలుగు నీడల తేడాలన్నీ విపరీతంగా పెరిగి, నిర్మలంగా వున్న నీలాకాశం కాస్తా మశూచి పోసిన మొహంలా తయారవుతుంది. చుక్కలన్నీ గుర్తుపెట్టుకుని, మళ్ళీ మామూలు బొమ్మకు వచ్చి ఒక్కొక్కటే తుడవాలి. బియ్యంలో రాళ్ళేరడం వచ్చినవాళ్ళు ఈ పనిలో రాణిస్తారు. మా ఇంట్లో ఈ విద్య మా ఆవిడదే; కళ్ళజోడు పెట్టుకుని నా కంటె నాలుగు చుక్కలు ఎక్కువే పట్టుకుంటుంది, సణుగుతూనే.

ఆరోది ఎండ సెగ. మన దేశంలో విమానాల ఫొటోలు తీసేవాళ్ళకు శని ఇదే. రన్‌వే కాలి, దానిపై గాలి వేడెక్కి సుళ్ళు తిరుగుతుంది. వేడిగాలి గుండా వచ్చే వెలుగు ఒకచోట ఒకలాగా, ఇంకొకచోట ఇంకొకలాగా వంగుతుంది. దూరపు కటకం పెట్టి తీస్తే విమానం పొడుగునా కిటికీలన్నీ నీళ్ళల్లో నీడల్లా అలలు తేలిపోతాయి. ఎంత ఖరీదైన కెమెరా అయినా, ఎంత నేర్పుగల చెయ్యి అయినా దీన్ని సరిచేయలేదు. మార్గాలు రెండే: తెల్లవారుఝామున వెళ్ళడం, లేదా విమానానికి దగ్గరగా వెళ్ళడం. దగ్గరగా పోనివ్వరు గనుక, అందుకే ఆదివారం పూట తెల్లవారకుండా లేవడం!

ఏడోది వెలుగు. సూర్యుడు తీసేవాడి వెనుక వుండాలి. బేగంపేట రన్‌వేగాని, శంషాబాదు రన్‌వేలుగాని తూర్పు పడమరలుగా వున్నాయి. వాటికి 09, 27 అన్న అంకెలు వేయడం అందుకే. 90 డిగ్రీలంటే తూర్పు, 270 డిగ్రీలంటే పడమర. కనుక ఏడాదిలో ఎక్కువ భాగం రన్‌వేకు దక్షిణంగా నిలబడినవాడిదే అదృష్టం. కాని హైదరాబాదుకు మే రెండోవారం ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి, అక్కణ్ణించి ఆగస్టు మొదటిదాకా మధ్యాహ్నవేళ కాస్త ఉత్తరానికి ఒరిగి వుంటాడు. అంటే ఆ రెండున్నర నెలలూ ఉత్తరాయణ పుణ్యకాలం మనకు కలిసిరాదన్నమాట. బేగంపేటలో జరిగే వింగ్స్ ఇండియా వైమానిక ప్రదర్శన 2022లో మార్చి చివర జరిగింది. 2024లో జనవరిలో జరిగింది. జనవరి ఎండ ఏటవాలుగా, మెత్తగా, సెగ లేకుండా వుంటుంది. 2024 ప్రదర్శనకు బోయింగు 777ఎక్స్ వచ్చింది, ఎయిర్ ఇండియా వారి మొదటి ఎయిర్‌బస్ ఎ350 వచ్చింది. ఆ జనవరి ఎండలో వాటి రంగులు కొత్త కంచుపాత్రల్లా మెరిశాయి.

పంకాలున్న విమానాల లెక్క వేరు. మన విజయవాడకూ, తిరుపతికీ, రాజమండ్రికీ తిరిగే ఏటీఆర్ 72 విమానాన్ని సెకనులో 1000వ వంతు వేగంతో తీస్తే పంకా రెక్కలు ఆగిపోయినట్టు పడతాయి. గాలిలో వున్న విమానం పంకా ఆగిపోయినట్టుంటే చూసేవాడికి గుండె ఝల్లుమంటుంది! ఆ పంకాకు ఆరు రెక్కలు. పూర్తి వేగంలో నిమిషానికి 1200 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 20. సెకనులో 125వ వంతు కెమెరా కన్ను తెరిచి వుంచితే, దాదాపు ఒక రెక్క వెళ్ళి పక్క రెక్క వున్న చోటికి చేరుతుంది. అప్పుడు పంకా అంతా పొగచక్రంలా నిండుగా పడుతుంది. కాని అంతసేపూ పరుగెత్తే విమానంతోబాటు కెమెరానూ ఒకే వేగంతో తిప్పాలి. పదింట్లో ఒకటి నిలిస్తే నిలిచినట్టు. కాని ఆ ఒక్కటీ చూస్తే విమానం చప్పుడు కూడా వినిపిస్తుంది.

ఇన్ని తంటాలు పడేవాణ్ణి చూసి పోలీసువారికి అనుమానం రావడంలో వింత లేదు. మన 1937 నాటి విమాన నిబంధనల్లో 13వ నిబంధన, లిఖితపూర్వకమైన అనుమతి లేకుండా ప్రభుత్వ విమానాశ్రయంలో ఫొటోలు తీయరాదంది. కాలక్రమాన ప్రయాణికుల విషయంలో పట్టు సడలింది గాని, గోడ పక్కన పొడుగు కటకంతో నిలబడ్డవాణ్ణి ఇప్పటికీ ఎవరో ఒకరు పలకరిస్తూనే వుంటారు. ఇతర దేశాల్లోనూ ఈ సరదా ఖరీదైనదే. 2001 నవంబరులో గ్రీసు దేశంలో కలమాటా అన్న చోట వైమానిక ప్రదర్శనకు పోయిన 12 మంది ఇంగ్లీషువాళ్ళనూ, ఇద్దరు డచ్చివాళ్ళనూ గూఢచారులని పట్టుకున్నారు. విమానాల నెంబర్లు పుస్తకంలో రాసుకోవడం ఒక సరదా అంటే అక్కడి న్యాయస్థానానికి ఎక్కలేదు. 2002 ఏప్రిల్లో శిక్షలు వేశారు. ఆ ఏడే నవంబరులో పైకోర్టు వాళ్ళను నిర్దోషులన్నది. అందుకని నేను టిక్కెట్టు కొనుక్కుని ప్రదర్శనలకు పోతాను. తక్కినప్పుడు అందరూ నిలబడే బహిరంగస్థలంలో నిలబడి, ఎవరైనా అడిగితే ఫొటోలు చూపిస్తాను. ఒక కానిస్టేబుల్‌గారు చూసి చూసి, "ఈ తెల్లది మళ్ళీ ఎప్పుడొస్తది సార్?" అనడిగారు.

నెంబర్లంటే గుర్తొచ్చింది. ఫొటో ఎంత బాగున్నా, ఆ విమానం రిజిస్ట్రేషను గుర్తు తప్పుగా రాస్తే తీసుకోరు. మన దేశపు విమానాలన్నిటికీ గుర్తు వీటీతో మొదలవుతుంది. అది వైస్రాయ్ టెరిటరీకి పొట్టిపేరనీ, బానిసత్వపు చిహ్నమనీ చాలామంది అంటారు. నిజానికది మన దేశానికి రేడియో పిలుపుల కోసం కేటాయించిన అక్షరాల వరసలోంచి వచ్చింది. వీటీ తరువాత వచ్చే మూడక్షరాలే ఆ విమానానికి ఇంటిపేరూ, వంటిపేరూను. ఆ మూడక్షరాలే మా ఇంట్లో ఒక పెద్ద వ్యవహారానికి కారణమయ్యాయి.

మా నాన్నగారి ట్రంకుపెట్టెలో ఒక నెగటివు వుంది. 1951లో ఆయన ఎరువు తెచ్చుకున్న బాక్సు కెమెరాతో బేగంపేటలో తీసింది: దక్కన్ ఎయిర్‌వేస్ వారి డకోటా విమానం. దక్కన్ ఎయిర్‌వేస్ అంటే ఇప్పటివారికి తెలియదు. నైజాం సర్కారూ, టాటావారూ కలిసి 1945లో పెట్టిన కంపెనీ. మన హైదరాబాదు సొంత విమానాల కంపెనీ. 1953 ఆగస్టులో దేశంలోని విమాన కంపెనీలను జాతీయం చేసినప్పుడు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. డకోటా జాతి విమానం మొదట ఎగిరింది 1935 డిసెంబరు 17న. రైటు సోదరులు ఎగిరిన రోజుకు సరిగ్గా 32 ఏళ్ళకు. అలాంటి వేల విమానాల్లో ఒకటి మా నాన్నగారి ముందు నిలబడింది.

విమానం ఒక్కటే నిలబడలేదు. దాని తోకవైపు తలుపు దగ్గర మా తాతగారు నిలబడ్డారు. నల్లకోటు, తలపాగా, చేతిలో గొడుగు. పై అధికారిని మద్రాసు విమానం ఎక్కించడానికి వెళ్ళి, పెద్దకొడుకు కోరితే ఒక నిమిషం కదలకుండా నిలబడ్డారట.

ఈ నెగటివును శ్రద్ధగా స్కాను చేయించి, ధూళి తుడిపించి, ఒక సైటుకు పంపాను. పాత ఫొటోలకు, అరుదైన ఫొటోలకు వాళ్ళు తేటదనం విషయంలో కొంత సడలింపు ఇస్తారు. పది రోజులకు తిరిగొచ్చింది. కారణాలు మూడు: వాలు, రిజిస్ట్రేషను పూర్తిగా కనపడడం లేదు, అడ్డు వుంది.

బాబాయికి ఎనభైనాలుగేళ్ళు. ఆ ఫొటో తీసిననాడు పదేళ్ళవాడు. కంచె అవతల నిలబడి చూశాడట. నేను కారణాలు చదివి వినిపిస్తే, మొదటి రెండింటికీ తలవూపి, మూడోదాని దగ్గర ఆగిపోయాడు.

"అడ్డేమిట్రా?" అన్నాడు.

"విమానం మీద చివరి అక్షరం కనపడకుండా తాతగారు నిలబడ్డారు, బాబాయ్."

చాలాసేపు మాట్లాడలేదు. "మా నాన్న అడ్డమా?" అన్నాడు చివరికి.

మా తమ్ముడి కొడుకు తెలివైనవాడు. "పెదనాన్నా, ఐదు నిమిషాల్లో ముత్తాతగారిని చెరిపేస్తాను. వెనుక విమానం పక్క, నేల, అన్నీ కంప్యూటరే అల్లేస్తుంది. ఎవరూ పోల్చలేరు" అన్నాడు. చేయగలడు కూడా. కాని వున్న వస్తువును చెరిపినా, లేని వస్తువును పెట్టినా ఆ సైట్లవాళ్ళు ఒప్పుకోరు. అది వాళ్ళ నియమాల్లో పెద్ద నియమం. వాళ్ళు ఒప్పుకున్నా నేను ఒప్పుకోను. ఆ కోటు మనిషిని తీసేస్తే ఆ చివరి అక్షరాన్ని కంప్యూటరు ఊహించి రాస్తుంది. లేని అక్షరం వచ్చి, వున్న తాతగారు పోతారు! అలాంటి బొమ్మ ఏ విమానానికి సాక్ష్యం?

ఇక మిగిలింది వెతకడం. ఆ రోజుల్లో గుర్తులు పక్కమీదే కాదు, రెక్క అడుగున కూడా పెద్ద అక్షరాల్లో రాసేవారు. బాక్సు కెమెరాను కంటికి పెట్టుకోరు. బొడ్డు దగ్గర పట్టుకుని, పైనుంచి అద్దంలోకి చూసి తీస్తారు. అంచేత ఫొటో కిందనుంచి పైకి చూసినట్టు పడింది. డకోటాకు తోకకింద చిన్న చక్రమే వుండడంవల్ల నేలమీద వున్నప్పుడు ముక్కెత్తి, ఛాతీ విరుచుకుని నిలబడుతుంది. ఈ రెండూ కలిసి ఎడమరెక్క అడుగు భాగం ఓరగా కనిపించింది. నీడలో నల్లగా వున్నచోట కొంచెం వెలుగు పెంచి, మా ఆవిడ చేతికిచ్చాను. కళ్ళజోడు సవరించుకుని చూసి, "ఇదిగోనండీ, ఇక్కడుంది" అని చివరి అక్షరం చూపించింది. కాలికి వున్న రాళ్ళేరే కన్నుకు డెబ్భై ఏళ్ళ అక్షరం చిక్కింది!

తిరస్కరించిన ఫొటోమీద అప్పీలు చేసుకునే వీలుంది. పొందికగా రాశాను. ఒకటి: డకోటా ఏటవాలుగా వుండడం దాని జన్మలక్షణం, వెనుక వున్న హాంగరు స్తంభాలను కొలవండి, నిలువుగా వున్నాయి. రెండు: చివరి అక్షరం రెక్క అడుగున చదవండి. మూడు: అడ్డుగా వున్నాయన అడ్డు కాదు, అప్పట్లో మామూలు మనుషులు విమానం ఒంటిమీద చెయ్యి వేసి నిలబడగలిగేవారని చెప్పే ఆధారం ఆయనే. మూడోదానికి వాళ్ళు జవాబు రాయలేదు. ఫొటోను మాత్రం తీసుకున్నారు.

బాబాయికి ఫోనులో చూపించాను. వేళ్ళతో పెద్దది చేసి, విమానాన్ని చట్రం బయటికి నెట్టేసి, తలపాగా దగ్గర ఆపుకున్నాడు. "గొడుగు పిడి విరిగింది అప్పటికే. తాడు కట్టుకున్నాడు, చూడు" అన్నాడు. నిజమే, తాడుంది. వాలూ, మధ్యస్థం, ధూళీ అన్నీ చూసిన పరీక్షకులకుగాని, నాకుగాని ఆ తాడు కనపడలేదు.

ఆదివారాల సంగతి మా ఆవిడకు ఇప్పుడు చెప్పగలను. విమానాలకు ఆయుర్దాయం తక్కువ. ఎయిర్ ఇండియా వారి పెద్ద విమానం బోయింగు 747, వీటీ-ఈవీఏ గుర్తుగలది, 2024 ఏప్రిల్ 22న బొంబాయి నుంచి చివరిసారి లేచింది. లేస్తూ రెక్కలు అటూ ఇటూ వూపి సెలవు తీసుకుంది. అమెరికాలో దాన్ని భాగాలుగా విడదీయడానికే ఆ ప్రయాణం. 1971 నుంచీ మనవాళ్ళను దేశాలు దాటించిన 747ల వంశం అంతటితో ఎయిర్ ఇండియాలో ముగిసింది. మన బేగంపేటకూ మామూలు ప్రయాణికుల విమానాలు రావడం 2008 మార్చితో ఆగింది. అవన్నీ ఇప్పుడు ఎక్కడున్నాయంటే, ఎవరో ఎండలో నిలబడి తీసి, ఎవరో కొలిచి ఒప్పుకున్న ఫొటోల్లో వున్నాయి. రేపు ఏ పిల్లవాడైనా "మా తాత ఎక్కిన విమానం ఏది?" అని వెతికితే, అక్షరం తప్పు లేకుండా, వంకర లేకుండా దొరకాలి గదా! ఆ పరీక్షకుల చాదస్తం అందుకు. నాకిప్పుడు వాళ్ళమీద కోపం లేదు, ఏ పది రోజులకో ఒకసారి తప్ప.

ఈ ఆదివారం ఆరింటికి తిరుపతి ఏటీఆర్ వుంది. బాబాయి కూడా వస్తానంటున్నాడు. ఆయన వీలుగా కూర్చోవడానికి మడతకుర్చీ ఒకటి కొన్నాను; ఎక్కడ వేస్తే ఫొటోకు అడ్డం రాదా అని మాత్రం ఆలోచించడం మానేశాను.